గంగమ్మ మోరీ దాటుతుందా?

పోయిన ఆదివారం కోలారు బంగారు గనుల ఊరికి, అదే కె.జి.ఎఫ్.కి వెళ్ళొచ్చాను. గని చూడ్డానికి కాదు, అది మూతపడి చాలా ఏళ్ళయింది. ఛాంపియన్ రీఫ్స్‌లో ఉండే మా మేనమామ కూతురు వనజ వదిన ముందు రోజు ఫోన్లో ఒకటే ఏడుపు. "సుజా, ఈ తూరి గంగమ్మ మా ఇంటికి రాదంట. మోరీ కాడ బోర్డు పెట్టినారు. మన లైను ఆడికే అయిపోయిందంట." లైను అంటే గని కార్మికుల ఇళ్ళ వరస. ఏటా జాతరకి అమ్మవారిని ఆ లైన్లో గడప గడపకీ తీసుకొస్తారు. ఒక గడప వదిలేశారంటే ఆ ఇంటివాళ్ళు ఇక మావాళ్ళు కాదని పదిమందిలో చెప్పినట్టే. అది విన్నాక నాకు నిద్ర పడితే ఒట్టు!

పొద్దున్నే బెంగళూరులో మారికుప్పం ప్యాసింజరు ఎక్కాను. టికెట్టు యాభై రూపాయల లోపే, ప్రయాణం రెండున్నర గంటలు పడుతుంది. ఆదివారం కాబట్టి సీటు సులభంగా దొరికింది కానీ కూర్చుంటే కదా! మాలూరు ఇటుక బట్టీలు దాటేదాకా సీటుకీ తలుపుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. "కాలుగాలిన పిల్లి మాదిరి తిరగతా ఉండావే, కూచోమ్మా" అని పక్కావిడ కసిరింది. కూర్చున్నాను, బంగారుపేట రాగానే మళ్ళీ లేచాను.

ఛాంపియన్ స్టేషన్లో దిగి, వదిన వాళ్ళుండే తొట్టి లైనుకి రమ్మని ఆటో అడిగాను.

"మోరీకి ఈ పక్కా, ఆ పక్కా?" అన్నాడు డ్రైవరు.

"ఆ పక్క."

"అది చర్చి లైను గదా మేడం."

"కాదప్పా, తొట్టి లైనే!"

"ఇంగ నాతో ఏం జగడం? అరవై ఇచ్చి ఎక్కండి" అని నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. బంగారం తీశాక మిగిలిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బల మీద నుంచి లేచిన దుమ్ము దారి పొడుగునా కళ్ళల్లో పడింది.

మోరీ అంటే మురికి కాలవే, చిన్నపిల్లలు కూడా ఒక్క గెంతులో దాటేస్తారు. దాని ఇవతల "గంగమ్మ నగర్" అని కొత్త నీలం బోర్డు ఉంది. లైను అని చెబితే పెళ్ళి సంబంధాలు రావడం లేదని కుర్రాళ్ళు పేరు మార్చారట. కొత్త పేరుకి ఒక హద్దు కావాలి కాబట్టి మోరీని పట్టుకున్నారు. వదిన ఇంటితో కలిపి అవతలి నాలుగిళ్ళూ చర్చి లైనుకి దగ్గర కదా, వాళ్ళకే పోనీ అన్నారట. వదిన అయినా సరే గడప కడిగి, ముగ్గేసి, రాగి అంబలి కాచి పెట్టుకుంది. నాకు ముద్దా, చారూ వడ్డించింది కానీ తను మాత్రం ఏమీ ముట్టలేదు.

మూడింటికి డప్పులు దగ్గరయ్యాయి. అమ్మవారి పల్లకీ సరిగ్గా బోర్డు దగ్గర ఆగింది. ముందు కొమ్ము, అంటే పల్లకీ మోసే కర్ర, పట్టిన కృష్ణప్ప పాత గని మనిషి, జాతర పెద్ద. "తిప్పండ్రా" అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా. వదిన అంబలి కుండతో రోడ్డు మీదికొచ్చి నిలబడింది.

"మామా, మా నాయన బండ కింద ఉన్నెప్పుడు మీ ఇంట్లో పొయ్యి ముట్టించినారా?"

సర్కారు కంపెనీ గని నడిపిన రోజుల్లో మా మేనమామ లోపల బండ మీద పడి చనిపోయాడు. గనిలో ఎవరైనా పోతే శవం పైకి వచ్చేదాకా ఆ లైన్లో ఒక్క పొయ్యీ వెలిగేది కాదు. పక్క లైను వాళ్ళే వండి తెచ్చి పెట్టేవాళ్ళు. అది అక్కడి కట్టుబాటు.

"లేదమ్మా" అన్నాడు కృష్ణప్ప.

"మరి అన్నం ఎవురు పెట్టినారు?"

ఆయన చర్చి లైను వైపు చూశాడు. డప్పుల చప్పుడు విని అక్కడి నుంచి వచ్చి నిలబడిన సూసన్నమ్మ అనే పెద్దావిడే జవాబు చెప్పింది. "మేమే పెట్టినాం. మోరీకి ఈ పక్క, ఆ పక్క అని సూడలా. మీకందరికీ వండినాం. వనజోళ్ళు మా లైనే అయ్యింటే ఆ పొద్దు మేము గూడా పొయ్యి ముట్టించే వాళ్ళం కాదు గదప్పా!"

"ఎప్పటి మాటో అది…" అని ఒక కుర్రాడు గొణిగాడు.

"నోరు ముయ్‌రా! ఆ అన్నం తిన్నోణ్ణి నేను" అని కృష్ణప్ప కొమ్ము భుజానికెత్తుకుని మోరీ దాటాడు. వెనక మిగతావాళ్ళూ దాటక తప్పలేదు. వదిన అంబలి పోస్తూ భోరుమంది, నేనూ ఏడ్చేశాను.

సాయంత్రం రైలుకి బయల్దేరితే వదిన బోర్డు దాకా వచ్చింది. తీసేస్తారా అని అడిగాను. "యాడ తీస్తారు? అందరూ చందాలేసి పెట్టినారు. సుజా, గని లేదు. ఇంగ ఎవురి కోసమూ పొయ్యి ఆపే పని లేదు. కృష్ణప్ప మామ, సూసన్నమ్మ పోయినాక ఈ మాట చెప్పేదెవురు?" అంది. వచ్చేటప్పటి కంటే తిరుగు రైల్లోనే నాకు ఎక్కువ కుదురు లేకుండా పోయింది. మనిషి ఎక్కడివాడో తెలియాలంటే ఒక చావు ఇంటికి ఎవరు వండి పెట్టారో గుర్తుండాలి. గుర్తున్నవాళ్ళు ఇద్దరే, వాళ్ళిద్దరికీ మోకాళ్ళ నొప్పులే.

మీరూ వెళ్ళాలనుకుంటే ఒక్క మాట. ఆటో ఎక్కినప్పుడు ఏ పేరూ చెప్పకండి, ఏది చెప్పినా తగాదానే, మోరీ దగ్గర దింపమనండి చాలు. గని ఎక్కడికీ పోదు, దాన్ని ఎప్పుడైనా చూడొచ్చు. ముసలివాళ్ళు ఉండగానే వెళ్ళండి.