దారం ఊరి బంతాట

మా మేనత్త పోయింది. మొన్న ఆదివారం పొద్దున్న, మిషను గుడి గంట మోగుతుండగా, నరసాపురంలో మా ఇంట్లోనే కన్నుమూసింది. కబురు తెలిసి లేసు అల్లే ఆడవాళ్ళందరూ వచ్చారు. వాళ్ళలో ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "ఇక శనివారం శనివారం మనకి బంతాట ఎవరు చెబుతారమ్మా" అని భోరున ఏడ్చింది. ప్రార్థన చెయ్యడానికి వచ్చి పక్కనే ఉన్న ఉపదేశిగారు అర్థంకాక నా వంక చూశారు. ఇది చదివే మీకూ అర్థం కాదు. అందుకే రాస్తున్నాను.

మా అత్తయ్య నాన్నకి అక్క. నాన్న పడవలు కట్టే వడ్రంగి. అత్తయ్య చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. మిషను దొరసానమ్మగారి దగ్గర లేసు పని నేర్చుకుంది. రాజమండ్రి దాటి ఎరగదు. అలాంటి మనిషి ఇంగ్లండులో ఏదో మిల్లుల ఊరివాళ్ళు తోలుబంతిని కాళ్ళతో తన్ని ఏ ఊరి మీద గెలిచారో, ఏ ఊరి చేతిలో ఓడారో అని అన్నం సయించక కూర్చునేదంటే ఎవరు నమ్ముతారు? నేను నమ్ముతాను. ఆ అన్నం మీద మూత పెట్టినదాన్ని నేనే కదా.

లేసు దారం ఆ ఊళ్ళోనే తయారయ్యేది. ఓడ మీద కాకినాడ వచ్చి, కాలువల మీదుగా పడవలో మా రేవుకి చేరేది. దారం ఉండలకి తడి తగలకుండా అక్కడివాళ్ళు పాత వార్తాపత్రికలు చుట్టి పంపేవారు. దొరసానమ్మగారి వరండాలో ఒక పద్ధతి ఉండేది. దారం ఎవరు తీసుకుంటే దాని మీది కాగితం వాళ్ళదే. మిగతావాళ్ళు ఆ కాగితాలు పెట్టె అడుగున పరుచుకునేవారు. అత్తయ్య మాత్రం చింతగింజల జిగురుతో తన గది గోడకి అంటించేది, ఏటిగాలి లోపలికి కొట్టకుండా.

ఒకరోజు దారం ఉండ మీది చీటీ పట్టుకుని గోడ దగ్గర నిలబడింది. "అమ్మడూ, ఇక్కడున్న అక్షరాలూ అక్కడున్న అక్షరాలూ ఒకటే కదుటే?" అని అడిగింది. నేను మిషను బళ్ళో చదువుకుని అక్కడే టీచరుగా చేరిన కొత్త. చూస్తే నిజమే, రెండు చోట్లా ఆ మిల్లుల ఊరి పేరే. గోడ మీద ఉన్నది ఫుట్‌బాల్ ఆటల పట్టీ. అంతే, ఆ రోజు నుంచి అది "మన దారం ఊరు" అయిపోయింది. ఆవిడ నోట ఇంకో పేరు పలకలేదు, నన్నూ పలకనివ్వలేదు.

ఆ పట్టీ మీద రాసున్న లీగ్ అంటే ఏంటో నాకూ తెలియదు. దొరసానమ్మగారిని అడిగితే ఆవిడ నవ్వి, కుర్చీ లాక్కుని ఓపిగ్గా చెప్పింది. ఆ దేశంలో పేరున్న జట్లన్నీ ఒక కూటమిగా చేరాయట. చలికాలమంతా ప్రతి జట్టూ మిగతా జట్ల ఊళ్ళకి వెళ్ళి ఆడాలి, వాళ్ళూ వీళ్ళ ఊరికి వచ్చి ఆడాలి. ఆఖరికి ఎవరు పైన, ఎవరు కింద అని పట్టీ వేస్తారు. అత్తయ్య అంతా విని, "వియ్యాలవారి రాకపోకల్లాగా అన్నమాటండి" అంది. దొరసానమ్మగారికి వియ్యమంటే ఏంటో చెప్పేసరికి సాయంత్రమైంది.

శనివారం మధ్యాహ్నం ఆడవాళ్ళు అల్లిన లేసు అప్పజెప్పడానికి వచ్చేవారు. దొరసానమ్మగారు ఒక్కొక్కటీ చూసేలోగా మిగతావాళ్ళంతా అత్తయ్య చుట్టూ చేరేవారు. నేను ముందు రోజు ఆవిడకి చదివి చెప్పేది నాలుగు ముక్కలే. వాన పడింది, నేల బురదయింది, దారం ఊరు ఒక గోలు కొట్టింది, అవతలివాళ్ళు మూడు కొట్టారు, అంతే. అత్తయ్య నోట అది వేరేగా వచ్చేది. సూది ఆడుతూనే ఉండేది, కళ్ళు ఎక్కడో ఉండేవి.

"పొద్దుటి నుంచీ ముసురు. మిల్లు గంట కొట్టారు, మగ్గాలు ఆగాయి. మగాళ్ళందరూ తలమీద టోపీలతో, నోట్లో చుట్టలతో కాలువ గట్టు మీద నడిచి వస్తున్నారు. గడ్డి తడిసి ఉంది. మంచులో అవతలి గోలు స్తంభాలు కనిపించడం లేదు. మనవాళ్ళు పంచెలు పైకి దోపుకుని దిగారు…"

ఇంగ్లండువాళ్ళు పైకి దోపుకోవడానికి పంచెలు కట్టరని నేను చెబితే, "నువ్వు చూశావా ఏంటి?" అనేది. ఆవిడ చెప్పే ఆ ఊళ్ళో కాలువకి మా కాలువలాగే లాకులుండేవి. గట్టు మీద కొబ్బరిచెట్లూ ఉండేవి. మంచులో అవి లేవని ఎవరు మాత్రం చెప్పగలరు? వింటూ వింటూ మాకందరికీ కళ్ళు బరువెక్కేవి. సూదులు వాటంతటవే నడిచేవి. ఎండవేళ ఆ వరండాలో కూర్చున్నా కాళ్ళకి తడిగడ్డి చల్లగా తగిలినట్టుండేది. దారం చేతికి మెత్తగా తగిలితే, "అక్కడ వాన పడ్డట్టుంది" అనేది. ఆ దారం మిల్లు దాటి నెలలైందని గుర్తుచేయబోతే పక్కవాళ్ళు నన్ను కసిరేవారు.

అసలు చిక్కు నెలలతోనే. పెట్టె అడుగున ఏ కాగితముందో, పైన ఏదుందో పంపినవాళ్ళు చూసుకోరుగా. దారం తీసేకొద్దీ ఫిబ్రవరి ముందొచ్చేది, నవంబరు తరవాతొచ్చేది. ఒకసారి దారం ఊరు ఘోరంగా ఓడిన కాగితం వచ్చింది. ఆ వారం వరండాలో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. తరవాతి ఉండ మీద అదే ఊరు అయిదు గోల్స్ కొట్టి గెలిచింది. "చూశారా, లేచారు!" అని అత్తయ్య వెలిగిపోయింది. నేను తేదీ చూసి, "అత్తయ్యా, ఇది అంతకు ముందు ఆట. ముందు గెలిచారు, తరవాత ఓడారు" అన్నాను.

ఆవిడ జిగురు రాస్తూ, "నీ తేదీ నీ దగ్గరుంచుకో. మనకి ముందొచ్చిందే ముందు" అంది. దాన్ని ఓడిన కాగితం పక్కనే, కుడివైపున అంటించింది. ఆ గోడ మీద మా దారం ఊరు ఎన్నిసార్లు పడినా పక్క కాగితంలో లేచేది. ఆ ఆటల కాలం ఇంగ్లండులో ఎలా నడిచిందో గానీ, మా నరసాపురంలో మాత్రం అలా నడిచింది.

నాన్నకి ఇదంతా పిచ్చిగా ఉండేది. "ఎక్కడో తెల్లవాళ్ళు బంతి కోసం తన్నుకుంటే మనకేంటక్కా" అని విసుక్కునేవాడు. "ఓడినవాడి పక్కన ఒకళ్ళయినా కూర్చోవాలిరా" అనేది అత్తయ్య. ఆ మాట వినగానే నాన్న ఉలి తీసుకుని రేవుకి పోయేవాడు.

ఈ ఏడు ఎండాకాలం చివర్లో వచ్చిన పెట్టెలో ఆఖరి పట్టీ ఉంది. దారం ఊరు అన్నిటికన్నా అడుగున ఉంది. కింద చిన్న అక్షరాల్లో, అడుగున పడ్డ జట్లు తరువాతి ఏడు ఆడాలంటే మిగిలినవాళ్ళ సభకి వెళ్ళి మళ్ళీ అడగాలని ఉంది. వాళ్ళు సరేనంటే ఉంటారు, లేకపోతే లేదు. ఏం తేలిందో ఆ కాగితంలో లేదు.

నేను చదవడం ఆపాను. అత్తయ్య చేతిలో సూది ఆగిపోయింది. "అందరి ముందూ నిలబడి అడగాలా?" అంది. అవునన్నాను. ఆ పూట అన్నం మీద నేను మూత పెట్టాను.

ఒకప్పుడు ఆవిడా అలాగే అందరి ముందూ నిలబడి అడిగిన రోజు సంగతి మా అమ్మ నాకు చెప్పింది. అత్తయ్య భర్త పోయాక అత్తింటివాళ్ళు పడవెక్కించి పంపేశారు. మా ఇంటి అరుగు మీద పెద్దవాళ్ళు కూర్చున్నారు. అత్తయ్య స్తంభం పక్కన నిలబడి, "నన్నిక్కడ ఉండనివ్వండి" అని అడిగింది. అందరూ ఎవరి ఇబ్బందులు వాళ్ళు చెప్పుకున్నారు. చిన్నప్పుడు ఆవిడ చంకనేసుకుని తిప్పిన తమ్ముడు, మా నాన్న, అప్పటికి మీసాలొచ్చినవాడే, తలొంచుకుని కూర్చున్నాడు. చివరికి మా పెదతాత, "సరే, ఉండనీ" అని లేచిపోయాడు. ఆ ఒక్క మాట మీద అత్తయ్య మా ఇంట్లో బతికింది. అందరూ తిన్నాక తినేది. గదున్నా చాప వాకిలి పక్కనే వేసుకునేది. ఎవరైనా నడుస్తుంటే కాళ్ళు ముడుచుకునేది. నాన్న ఆవిడని ఒక్క మాట అనలేదు, నిజమే. కానీ ఆ రోజు గురించీ ఒక్క మాట మాట్లాడలేదు. ఇంట్లో ఇంతకాలం ఉన్నా ఇది నా ఇల్లనే ధీమా ఆవిడకి లేదు.

వానలతో ఆవిడకి జ్వరం పట్టుకుంది, దగ్గు ఎక్కువైంది. కాకినాడలో సముద్రం పోటుగా ఉండి ఓడలు సరుకు దించలేదట, దారం పెట్టె రాలేదు. వచ్చిన ప్రతివాళ్ళనీ అత్తయ్య అదే అడిగేది, "ఉండనిచ్చారా?" అని. పాపం ఆడవాళ్ళకి ఏం చెప్పాలో తెలిసేది కాదు. దొరసానమ్మగారు వచ్చి కూర్చుని, తనకీ కబురు లేదని ఉన్నమాటే చెప్పి వెళ్ళింది. అబద్ధం చెప్పడం నాకూ చేత కాలేదు.

పోయే ముందు రోజు, శనివారం సాయంత్రం, నాన్న రేవు నుంచి వచ్చి, తారు చేతులు కడుక్కోకుండానే ఆ గదిలోకి వెళ్ళాడు. మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆ గదిలో ఆయన కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. అత్తయ్య కళ్ళు తెరిచి, ఎవరన్నది చూడకుండానే, "ఉండనిచ్చారా?" అంది.

"ఉండనివ్వడమేంటక్కా" అన్నాడు నాన్న. "వాళ్ళు లేకపోతే ఆటేంటి? అలా నిలబెట్టి అడిగించడమే తప్పని అందరూ ఒప్పుకున్నారు. అడగక్కర్లేదు, మీదే చోటు అన్నారు."

అత్తయ్య మెల్లిగా తల తిప్పింది. తమ్ముడి మొహం చూసింది.

"నీకెలా తెలుసురా? నీకు ఇంగ్లీషు ముక్క రాదుగా."

"నాకు ఆ రోజు అరుగు మీదే తెలుసక్కా. చెప్పలేదంతే."

ఆవిడ చెయ్యి చాపి ఆయన తల మీద పెట్టింది. నాన్న ఆ దుప్పటిలో మొహం దాచుకున్నాడు. నేను గడప దగ్గరే నిలబడిపోయాను. తరవాత ఆయన తలెత్తి, కళ్ళు తుడుచుకుని, "అయితే మళ్ళీ ఎప్పుడు ఆడతారక్కా?" అని అడిగాడు. ఆ ఆట గురించి ఆయన అడిగిన మొదటి మాట అది.

"రేపు శీతాకాలం మొదట్లో," అంది అత్తయ్య. కళ్ళు మూసుకుంది. కాళ్ళు బారజాపుకుని పడుకుంది. "పొద్దుటి నుంచీ ముసురు. మిల్లు గంట కొడతారు…"

"ఊఁ" అన్నాడు నాన్న.

"మగాళ్ళందరూ కాలువ గట్టు మీద నడిచి వస్తారు. గడ్డి తడిసి ఉంటుంది…"

"ఊఁ. తరవాత?"

కిటికీలో వెలుగు తగ్గుతోంది. బయట వాన సన్నగా పడుతోంది. ఆవిడ దుప్పటి మీద వేలితో మనవాళ్ళు ఎక్కడెక్కడ నిలబడతారో ఆయనకి చూపిస్తోంది.