రెండు లోహాలు, ఒక బావి

ఒకే గిన్నెలో రెండు లోహాలు వేసి మందు తయారు చేయొచ్చన్నందుకు అబిడ్స్‌లో ఒక పెద్దమనిషి నన్ను చూసి పకపకా నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

డెబ్బైల మొదట్లో సంగతి. నాంపల్లి స్టేషన్ వెనక సందులో, మందుల ముడిసరుకు చేసే చిన్న కార్ఖానాలో నేను కెమిస్టుని. యజమాని మా కోస్తావాడే. ఆయన ఆఫీసు అబిడ్స్‌లో, మేడ మీద, పంకా కింద. కార్ఖానా వైపు నెలల తరబడి వచ్చేవాడు కాదు. ఎందుకొస్తాడు, ముక్కు మూసుకోవాలి కదా!

ఆ కంపు బెంజీన్‌ది. మా సరుకు మూడు అంచెల్లో తయారయ్యేది. ఒక్కో అంచె అయ్యాక బయటికి తీయడం, బెంజీన్‌తో కడగడం, ఆరబెట్టి ఇంకో గిన్నెలో వేయడం. ఆ కడుగంతా వెనక గోడ వారగా మురుగు మోరీలోకి పోయేది. గోడకి అవతల మేం కిరాయికున్న ఇల్లు, దాని పెరట్లో బావి. నాలుగు వాటాల వాళ్ళం ఆ నీళ్ళే తాగేవాళ్ళం. ఆ ఏడు మోరీ ఇంకి బావి నీళ్ళ మీద రంగురంగుల తెట్టు తేలింది. తాగడం మానేశాం.

మా ఇంటి ఓనరమ్మ తరతరాలుగా హైదరాబాదు మనిషి. కూతురు పురిటికొచ్చింది. పురుడైన ఇరవై ఒకటో రోజున బాలింత బావికి పసుపు కుంకుమ పెట్టి, చేద వేసి నీళ్ళు తోడాలి. ఆ తర్వాతే ఇంటి పనుల్లోకి రావాలి. ఆ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకీ ఈ వేడుక ఆ బావి దగ్గరే జరిగింది.

“నువ్వు గాడనే పని జేస్తవు గద బిడ్డా. కాన్పు అయ్యేటాళ్లకన్న జర బాయి మంచిగయ్యేటట్టు చూడు,” అంది. చూస్తానని మాటిచ్చాను.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల? కడిగే పనే లేకపోతే మోరీలోకి పోయేదేముంది? నా ఆలోచన అదే. మా సరుకులో రాగి పొడి ఒక పదార్థం నుంచి హైడ్రోజన్ని లాగుతుంది, నికెల్ పొడి అదే హైడ్రోజన్ని తెచ్చి చివర్లో అతికిస్తుంది. రెండూ ఒకే గిన్నెలో ఉంటే మధ్యలో బయటికి తీయక్కర్లేదు. మిగిలేది కాసిని నీళ్ళు. పొడులు వడకట్టి మళ్ళీ వాడుకోవచ్చు.

ఇదంతా చెబితే మా యజమాని నవ్వాడని చెప్పాను కదా.

“రాగి గిన్నెలో చింతపండు పులుసు కాస్తావా అమ్మాయ్? చిలుం పట్టి ఇంటిల్లిపాదీ మంచాన పడరూ? లోహాల దగ్గర మడి ఉండాలి. దేని గిన్నె దానిదే.”

ఇదీ ఆయన కెమిస్ట్రీ! వాళ్ళమ్మ వంటింటి మడిని తెచ్చి కార్ఖానాలో పెట్టాడు. రాగి తగిలిన గరిటె నికెల్ గిన్నె దగ్గరికి రాకూడదు, రెండింటికీ వేరువేరు రంగులు కొట్టించాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది నా పని. అయినా పట్టు వదల్లేదు. సాయంత్రాలు కూర్చుని చేశాను. మొదట్లో రెండు లోహాలూ ఒకదాన్నొకటి చెడగొట్టుకున్నాయి. వేడి తగ్గించి, పాళ్ళు మార్చి, తిట్టుకుంటూ మళ్ళీ చేశాను. కుదిరింది.

తయారైన సరుకు సీసాలో తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టాను. బెంజీన్ ఖర్చు తగ్గుతుందని వినగానే మడి ఎక్కడికి పోయిందో! మొజంజాహీ మార్కెట్ నుంచి అందరికీ ఐస్‌క్రీం తెప్పించాడు. కొన్ని వారాలు మోరీ తేటగా పారింది. ఓనరమ్మ బావి పూడిక తీయించింది, తెట్టు పోయింది. కూతురికి ఆడపిల్ల పుట్టింది.

ఆ వారమే మా పాత గిన్నెల్లో కొత్త సరుకు మొదలైంది. దానికి పాతదానికన్నా ఎక్కువ కడుగు. తెల్లారేసరికి బావిలో మళ్ళీ తెట్టు. నేను అబిడ్స్‌కి పరుగెత్తాను.

“ఖాళీ గిన్నెల్ని చూస్తూ కూర్చోమంటావా? అవి ఖాళీ అయింది నీ పుణ్యానే కదమ్మాయ్,” అన్నాడు.

మీ ఇంట్లో వాళ్ళకి ఆ నీళ్ళు పోస్తారా అని గట్టిగా అరిచాను. గుమాస్తాలు తలలెత్తి చూశారు. ఆయన తాపీగా టీ తాగాడు. ఉద్యోగం మానేస్తానన్నాను. నీ ఇష్టం, పని మిగతావాళ్ళు నేర్చుకున్నారుగా అన్నాడు. సిగ్గులేని మనిషి!

ఇరవై ఒకటో రోజున ఓనరమ్మ పేరంటానికి పిలిచింది. వాకిట్లో మునిసిపాలిటీ నల్లాకి పసుపు రాసి, కుంకుమ పెట్టి ఉంది. అది నీళ్ళొచ్చే వేళ కాదు. బాలింత ఎండిన నల్లా కింద బిందె పెట్టి, దణ్ణం పెట్టుకుని, ఖాళీ బిందె ఎత్తుకుని లోపలికి వెళ్ళింది.

ఓనరమ్మ నాకు బొట్టు పెట్టి, కొంగులో శనగలు పోసింది.

“గాడ నువ్వు మస్తు మంచి పని జేసినవని అందరు అంటున్రు. మరి మా బాయికేమాయె బిడ్డా?”

అడగాల్సింది నన్ను కాదు. కానీ ఆవిడకి తెలిసిన కెమిస్టుని నేనొక్కదాన్నే.