షామ్ నుంచి రాని గిన్నెలు

కువైట్ గొడవ మొదలైన ఏడాది నేను జెద్దా శివార్లలో ఒక కుండల కార్ఖానాలో మన్ను తొక్కేవాణ్ణి. వీసా మీద కూలీ అని ఉంది. ఊళ్లో మాది కుమ్మరి ఇల్లే. ప్లాస్టిక్ బిందెలు వచ్చాక సారె మూలన పడింది, నేను విమానం ఎక్కాను.

కార్ఖానాలో సారె మీద కూర్చునేది యెమెన్ నుంచి వచ్చిన ఉస్తాద్. మధ్యధరా సముద్రం ఒడ్డున ఇళ్లలో వాడే రకం గిన్నెలు చేసేవాడు. తెల్లటి పూత మీద నీలి గీతలు, ఆకుపచ్చ అంచు. ఆలివ్ కాయలకు చిన్నవి, పెరుగుకు లోతైనవి, నలుగురు చుట్టూ కూర్చుని తినేందుకు వెడల్పాటి పళ్లేలు. అద్దాల బీరువాలో పెట్టేవి కావు, రోజూ కడిగి వాడుకునేవి.

ఆ ఏడాదే యెమెన్ వాళ్లకు రూల్స్ మారాయి. కఫీల్, అంటే పూచీగా నిలిచే స్థానికుడు, లేకుండా ఉండకూడదన్నారు. మా యజమాని తాను కఫీల్‌గా ఉంటానన్నా, తన దేశపు అన్నదమ్ములంతా పోతుంటే తానొక్కడే ఎందుకని ఉస్తాద్ సామాన్లు లారీకెక్కించాడు. పోయే ముందు మాత్రం పూత ఎలా కలపాలో నాకు చూపించాడు. నేను మన్ను పిసికే తీరు ఆయనకు తెలుసు.

యుద్ధం భయానికి ఓడల్లో సరుకు రావడం తగ్గింది. కార్ఖానా ముందరి దుకాణంలో అరలు ఖాళీ అయ్యాయి. యజమాని సారె ముందు నిలబడి ఉంటే, "నేను చేస్తాను" అన్నాను, వచ్చీరాని అరబ్బీలో.

"నువ్వు మన్ను తొక్కేవాడివి."

"మా తాత, నాయన కూడా తొక్కిన్రు. తొక్కి, కుండలు జేసిన్రు," అని తెలుగులోనే అని సారె మీద కూర్చున్నాను.

మా సారెను కర్రతో తిప్పుతాం. ఇక్కడిది కాలితో తన్నాలి. మూడు రోజులు ప్రతి ముద్దా కూలిపోయింది. యజమాని నవ్వుకుంటూ పోయేవాడు. నాలుగో రోజు గిన్నె నిలబడింది. మొదటి ఆవంలో కాలుస్తుంటే పూత కారిపోయి గిన్నెలన్నీ ఒకదానికొకటి అంటుకున్నాయి. రెండో ఆవం బాగా వచ్చింది.

ఒక రోజు ఒక పెద్దావిడ దుకాణానికి వచ్చి పెరుగు గిన్నెను చేత్తో తూచి, ఎక్కడివని అడిగింది.

"షామ్ నుంచి," అన్నాడు యజమాని. సిరియా వైపు దేశాన్ని అలా అంటారు, అక్కడి సరుకంటే ధర ఎక్కువ పలుకుతుంది.

నేను మన్ను చేతులతోనే ముందుకు వచ్చాను. "ఇక్కడివే. నేను చేశాను."

ఆవిడ నా చేతుల వైపు చూసి గిన్నె తీసుకుపోయింది. యజమాని ముఖం నల్లబడింది. "రేపటి నుంచి మళ్లీ మన్ను తొక్కు," అన్నాడు.

గదిలో నాతో ఉండే జగిత్యాల మనిషి తల పట్టుకున్నాడు. "ఎందుకన్నా నీకు? ఏడనుంచి వచ్చినయంటే ఏంది? పాస్‌పోర్ట్ ఆయన చేతుల ఉన్నది."

"పాస్‌పోర్ట్ ఆయన దగ్గరుంటే ఉండనీ తమ్మీ. చెయ్యి నాదే గదా."

పొద్దున్నే వెళ్లి మన్ను తొక్కాను. తలెత్తి సారె వైపు చూడలేదు. భయం లేదని చెప్పను. ఇంటికి పంపించేస్తే ఏం చేయాలో నాకు తెలియదు. అయినా, తప్పయిందని మాత్రం నోటితో అనలేదు. యజమాని సారె మీద వేరేవాళ్లను కూర్చోబెట్టాడు. వాళ్ల పళ్లేలు ఆరకముందే పగిలాయి. పన్నెండో రోజు యజమాని తనే వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"సారె ఎక్కు."

"నా ముందర షామ్ అనొద్దు. మా గదికి రెండు పళ్లేలు, నాలుగు గిన్నెలు కావాలి."

ఆయన పగిలిన పళ్లెం ముక్కను కాలితో పక్కకు నెట్టాడు. తర్వాత, "తీసుకో," అన్నాడు.

యుద్ధం ముగిసింది, ఓడలు మళ్లీ వచ్చాయి. ఆ తర్వాత కూడా ఎనిమిదేళ్లు అదే సారె మీద పనిచేశాను. నా పేరు ఆయన ఎవరికీ చెప్పలేదు. అడిగితే "ఇక్కడివే" అనేవాడు, అది కూడా ముఖం పక్కకు తిప్పుకుని. మా గదిలో మాత్రం పప్పూ అన్నం నీలి గీతల పళ్లెంలో కలుపుకుని తిన్నాం.