మెడదాకా మట్టి

పోయిన ఏడాది నారాయణఖేడ్ నుంచి ఎనిమిది మంది ముసలివాళ్లం బస్సులో ఒక ప్రకృతి చికిత్సాలయానికి వెళ్లాం. ఒంటికి, మనసుకు హాయి అన్నారు.

రెండో రోజు పొద్దున నా చిన్ననాటి మిత్రుడు మొగులప్పను గుంతలో పడుకోబెట్టి, మట్టి చికిత్స అంటూ అక్కడి పనివాళ్లు మెడదాకా తడిమట్టి కప్పసాగారు. యాభై ఏళ్ల కింద మనూర్ దగ్గర బావి తవ్వుతుంటే పక్క గట్టు కూలి అతను మట్టిలో కూరుకుపోయాడు. ఆనాడు బయటికి లాగింది నేనే.

ఛాతీ మీద మట్టి పడగానే మొగులప్ప, "తియ్యుండ్రి! సస్త!" అని అరిచాడు.

పనివాడు నవ్వుతూ అతని భుజాలు అదిమిపట్టాడు. "కదలకు తాతా, మనసు తేలికైతది."

మొగులప్ప వాడి చెయ్యి కొరికాడు. వాడు మొగులప్ప చెంప పగలగొట్టాడు. నా చేతికర్ర వాడి మూతి మీద విరిగింది. మూతి నుంచి నెత్తురు కారుతున్న వాడిని పక్కకు నెట్టి, గోళ్లతో మట్టి తోడాను.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "ఈ వయసుల కొట్లాటేంది? సిగ్గులేదా?"

"బీపీ, షుగరు రాసుకున్నరు. మట్టంటే భయమున్నదా అని ఒక్కడన్న అడిగిండా?" అన్నాను.

తిరుగు బస్సులో మొగులప్ప నా చెయ్యి వదల్లేదు. "గప్పుడు గూడ నువ్వే తీసినవ్ గదరా," అన్నాడు.

కొట్టినందుకు నాకు సిగ్గుగానే ఉంది. ఆ అరుపు మళ్లీ వింటే మాత్రం మళ్లీ కొడతాను.