బాపు తాగిన నా చాయ

పదహారేళ్లప్పుడు నాకు కోపం వస్తే ఇల్లు పీకి పందిరేసేదాన్ని. ప్రేమ వచ్చినా అంతే. స్నేహితురాలు ఇంకో పిల్లతో కలిసి కాలేజీకి పోయిందంటే, ఈ లోకంలో నాకెవరూ లేరనిపించి నన్ను నేనే గాయపరచుకునేదాన్ని. సాయంత్రం ఆ స్నేహితురాలే పలకరిస్తే ఇక పండగ. సిద్దిపేటలో మా వాడవాళ్లు గాలి సోకిందన్నారు. దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించారు. చివరికి హైదరాబాదు దవాఖాన. "ఈ వయసులో దీనికి పేరు పెట్టలేం. మందు ఆవేశాన్ని కాస్త పట్టి ఉంచుతుంది, అంతే" అన్నాడు డాక్టరు, బాపుతో. నావైపు చూడలేదు.

ఇచ్చిన మాత్రలన్నీ దొడ్లోకి విసిరేశాను. అందుకని నాకు తెలియకుండా అమ్మ చేతికి చుక్కల మందు ఇచ్చారు. రంగూ రుచీ లేని ఆ మందు రోజూ పొద్దున నా చాయలో పడేది. నేను నెమ్మదించాను. అమ్మ మొక్కు తీర్చుకుంది. నాకేమో కాళ్లూ చేతులూ తడిసిన బట్టల్లా బరువెక్కేవి, చదివింది బుర్రలో నిలిచేది కాదు. పిచ్చి ముదిరిందేమోనని లోలోపల భయపడి చచ్చేదాన్ని.

మాది మగ్గం ఇల్లు. మొదటి చాయ బాపుకే. ఆయన తాగి గుంటమగ్గంలో దిగాకే మిగతావాళ్లకు. ఒకరోజు పాలు పొంగుతుంటే అమ్మ కంగారులో చుక్కలు వేసిన గ్లాసే ఆయనకిచ్చింది. కాసేపటికి మగ్గం చప్పుడు ఆగిపోయింది. పక్కింటి చాచీ పరుగెత్తుకొచ్చింది.

"క్యా హువా? మగ్గం బందైందేంది?"

బాపు నేత మీదే తల వాల్చి గురక పెడుతున్నాడు. పొయ్యి దగ్గర బాపు గ్లాసు అలాగే మిగిలి ఉండటం చూసి అమ్మ నెత్తి కొట్టుకుంది. "అయ్యో, బిడ్డకేసిన మందు ఈయన తాగిండు!"

ఇన్నాళ్లూ నా ఒంటి బరువు ఆ మందుదే అన్నమాట. కన్నతల్లే నన్ను నమ్మలేదు. "ఎలుకకు పెట్టినట్టు పెడుతున్నవా నాకు?" అని అరిచాను. ఇక నీ చేతి ముద్ద ముట్టనని చాచీ ఇంట్లో పోయి కూర్చున్నాను.

సాయంత్రం బాపు తేరుకుని వచ్చాడు. తిడతాడనుకున్నాను.

"బిడ్డా, పోగు అతకబోతే చేతి ఏళ్లు నా మాట ఇనలే. నీకు దినాం గిట్లనే ఉంటదా?"

అప్పటిదాకా ఆ మాట నన్నెవరూ అడగలేదు. వెక్కి వెక్కి ఏడ్చాను. వెనకే వచ్చిన అమ్మ గడప దగ్గరే ఆగిపోయింది.

"నీకు నువ్వే ఏమన్న జేసుకుంటవని భయమైంది బిడ్డా."

"చెప్పి ఇయ్యరాదా?"

"చెప్తే తాగుతుంటివా?"

దొడ్లోకి విసిరేసిన మాత్రలు గుర్తొచ్చాయి.

ఆ వారమే హైదరాబాదు పోయాం. "అమ్మాయి ఎలా ఉంది?" అని డాక్టరు అలవాటుగా బాపునే అడిగాడు. బాపు లేచి తన కుర్చీ నాకిచ్చాడు.

"దాన్నే అడుగుండ్రి సారూ. తాగేది అది."

డాక్టరు అడిగాడు. నేను చెప్పాను. మందు సగానికి తగ్గించాడు, నెలనెలా వచ్చి మాట్లాడమన్నాడు. నా కోపాలు ఒక్కనాటితో పోలేదు, ఏళ్లు పట్టింది. కానీ మరునాడు పొద్దున అమ్మ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నా కళ్లముందే చుక్కలు వేసింది. నేను తాగాను.