నలభై ఐదుకు తరుగు

మా అమ్మాయికి జిల్లా టెన్నిస్ జట్టులో చోటు దక్కాలంటే ఆ చివరి గేము గెలవాలి. అంపైరు ఆమెకు పదిహేను, ముప్పై అని చెప్పి, మూడో పాయింటుకు నలభై అన్నాడు. అంగళ్ల మధ్య పెరిగిన ప్రాణం, ఊరుకోలేకపోయాను.

"ఏమప్పా, ఐదు యాడ పోయె?"

"గడియారం ముల్లు లెక్కన మొదట్లో నలభై ఐదేనంటన్నా. అంత పొడుగు పలకలేక కుదించినారంట."

అసహ్యం వేసింది. వేరుశనగ మూటకు తరుగు తీసేటప్పుడు మేమైనా మట్టి, రాళ్లు అని ఏదో ఒక సాకు చెబుతాం. వీళ్లు నోటి బద్ధకానికే ఐదు మింగేశారు!

నేను అంపైరుతో ఇంకా బేరమాడుతుంటే అమ్మాయి కోర్టులోంచి అరిచింది. "నాయనా, నాకు నలభై సాలు. నువ్వు నోరు తెరిస్తే ఓడిపోతా, కూర్చో!"

కూర్చున్నాను. తరువాతి బంతికే గెలిచి జట్టులో చేరింది. అంపైరుకు నమస్కారం పెట్టడానికి మాత్రం నాకు చేతులు రాలేదు.