జింజ్‌లో బావగారి మాటల పెట్టె

బహ్రెయిన్ చూడాలని నేనెప్పుడూ అనుకోలేదు. "అమ్మడూ, మీ బావగారి పెట్టె పలకట్లేదే" అని అక్క ఫోన్ చేస్తే బయల్దేరాను. క్యాన్సర్ వల్ల బావగారి స్వరపేటిక తీసేశారు. ఆపరేషన్‌కి ముందు హైదరాబాద్‌లో నేనే ఒక చిన్న పరికరం తయారుచేసి పంపాను. మీటకో మాట చొప్పున ఆయనే తన గొంతుతో అందులో రికార్డు చేసుకున్నారు. వాళ్లుండేది బహ్రెయిన్‌లోని జింజ్‌లో; అక్క హమద్ టౌన్‌లో ఒకరింట్లో పనిచేస్తుంది. ఆమెకి ఫోన్ చేసి, మీట నొక్కి మాట్లాడేవారు.

వీసాకి ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది, నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. ఉదయం దిగాక, అక్క పంపిన కారులో జింజ్ చేరడానికి పావుగంట పట్టింది, ఐదు దినార్లు అయ్యాయి. డ్రైవర్‌ది జగిత్యాల. "దుబాయికి మొదటిసారా అక్కా? సామాన్ గింతే తెచ్చినవ్" అన్నాడు. వాళ్ల వైపు గల్ఫ్ దేశం ఏదైనా దుబాయే. రేపే వెళ్లిపోతానన్నాను. ఎవరికి బాగాలేదని అడిగాడు, చెప్పాను.

భోజనం కాగానే పెట్టె విప్పాను. అందులోని ప్రాసెసర్‌కి తనంతట తానుగా ఏమీ తెలియదు. కరెంటు అందగానే పక్కనున్న ఫ్లాష్ చిప్ నుంచి ప్రోగ్రామ్ చదువుకుని పని మొదలుపెడుతుంది. బావగారి మాటలున్నదీ ఆ చిప్‌లోనే. చిప్ కాలి దగ్గర టంకం ఊడి ఉంటుందని ఆశపడ్డాను. మళ్లీ టంకం వేసినా లోపలి బోర్డు లేవలేదు, దీపం వెలగలేదు. చిప్ ఊడదీసి లాప్‌టాప్‌కి కలిపాను. మొదటి నుంచి చివరి దాకా ఖాళీ. మళ్లీ చదివినా అంతే.

"ఇంకెక్కడా లేవా?" అంది అక్క.

"లేవక్కా. ఆయన నేరుగా ఇందులోనే చెప్పారు కదా."

బావగారు తలూపారు. నేను తెచ్చిన కొత్త చిప్‌లో ప్రోగ్రామ్ రాసి అతికించాను. ఆకుపచ్చ దీపం వెలిగింది. ఆయన అలవాటుగా మొదటి మీట నొక్కారు. ఏమీ వినపడలేదు. ఇంకోసారి నొక్కారు. పెట్టెను అక్క వైపు తిప్పి పెదాలు కదిపారు.

"నన్ను చెప్పమంటారా? నా గొంతేగా వస్తుంది?"

ఔనన్నట్టు కళ్లు మూసి తెరిచారు. అక్క వంగి, ఆయన రోజూ అడిగే మాటే చెప్పింది. "డ్యూటీ అయ్యిందా? ఎప్పుడొస్తావే?" సగంలో గొంతు పూడుకుపోయింది. మళ్లీ చెప్తానంది. బావగారు వద్దని ఆమె చెయ్యి పట్టుకున్నారు. అదే ఉంచేశారు.

మర్నాడు విమానంలో అద్దంలోంచి కింద సముద్రాన్ని చూస్తూ కూర్చున్నాను. బోర్డు లేస్తే చాలు, పని అయిపోయినట్టే అనుకునేదాన్ని ఇన్నేళ్లూ. ఈ బోర్డు కూడా లేచింది. అక్కకి మాత్రం ఇక ఫోన్‌లో తన గొంతే తనకి వినపడుతుంది. ఇలాంటి పరికరం మీ ఇంట్లో ఉంటే, అది బాగా పనిచేస్తున్నప్పుడే చిప్‌లో ఉన్నదంతా ఇంకోచోటికి కాపీ చేసి పెట్టుకోండి. ప్రోగ్రామ్ అయితే మళ్లీ రాసుకోవచ్చు.